సైబరాబాదులో గృహ మరమ్మత్తులు

'''గృహ మరమ్మత్తులు''' అనగా నివాసగృహంలో వస్తువులను అమర్చడం, బాగుచేయడం, మార్చడం వంటి పనులు. వీటిని ఇంటివారు స్వయంగా చేసుకోవచ్చు, లేదా వృత్తిపనివారిచేత చేయించుకోవచ్చు. హైదరాబాదు పడమటి భాగాన ఉన్న హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలలో ఈ రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. వీటిలో ఒకదానిని ఎంచుకోవడానికి ఖర్చు ఒక్కటే కొలమానం కాదు. పొరపాటు జరిగితే సరిదిద్దడం సాధ్యమా, నష్టం ఎవరికి కలుగుతుంది అన్నవి అంతకంటే ముఖ్యమైన అంశాలు.

== నేపథ్యం ==
పూర్వం తెలుగు గ్రామాలలో వడ్రంగి, కమ్మరి మొదలైనవారు ఏడాది పొడవునా రైతుల పనిముట్లు బాగుచేసేవారు. ప్రతిఫలంగా పంటకాలంలో రైతులు వారికి ధాన్యం కొలిచేవారు. దీనిని ''మేర'' అనేవారు. నగరంలో దీని స్థానాన్ని రోజుకూలి ఆక్రమించింది. ఉదయాన్నే అడ్డా వద్ద చేరే తాపీ, రంగుల పనివారిని మాట్లాడుకొని తీసుకువెళ్ళడం హైదరాబాదులో నేటికీ ఉంది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతంలో ఉద్యోగుల నివాసాలు పెరిగాయి. స్వీడన్‌కు చెందిన ఐకియా సంస్థ భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగష్టు 9న హైటెక్ సిటీలో తెరిచింది. విడిభాగాలను కొనుగోలుదారులే ఇంట్లో బిగించుకోవడం ఈ సంస్థ పద్ధతి. అయినప్పటికీ, బిగించి ఇచ్చే సేవకోసం అది ఇక్కడ అర్బన్‌క్లాప్ (2020 నుండి అర్బన్ కంపెనీ) సంస్థతో ఒప్పందం చేసుకుంది.

== స్వయంగా చేసుకోదగినవి ==
కుళాయి వాషరు మార్చడం, బల్బు మార్చడం, విడిభాగాల బల్లను బిగించడం వంటివి ఇంటివారు చేసుకోదగినవి. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలవలన కుళాయి మూతి జాలీలు పూడుకుపోతాయి. వాటిని విప్పి వెనిగరులో నానబెడితే శుభ్రపడతాయి. ఈ పనులలో పొరపాటు జరిగినా మళ్ళీ మొదటినుండి చేయవచ్చు.

== నిపుణులు చేయవలసినవి ==
విద్యుత్తు విషయంలో ఈ హద్దును చట్టమే నిర్ణయించింది. 1956 నాటి భారత విద్యుత్తు నియమాలలో 45వ నియమం ప్రకారం దీపాలు, ఫ్యానులు, ఫ్యూజులు, స్విచ్చులవంటి వాటిని అమరిక సామర్థ్యం, స్వభావం మారకుండా మార్చుకోవచ్చు. తక్కిన పనులను లైసెన్సు పొందిన కాంట్రాక్టరే చేయాలి. తరువాత వచ్చిన 2010, 2023 నిబంధనలు కూడా ఈ విభజననే కొనసాగించాయి. గృహాలకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తు ప్రాణాంతకం కాగలదు.

ఈ ప్రాంతంలోని కొన్ని ఎత్తైన భవనాలను అల్యూమినియం అచ్చులతో కాంక్రీటు పోసే పద్ధతిలో (''మివాన్'' పద్ధతి) నిర్మించారు. వీటిలో గోడలే భవనం బరువును మోస్తాయి. పైపుల కోసం అటువంటి గోడను తొలిస్తే కడ్డీలు తెగి, గోడ బలహీనపడవచ్చు. స్నానాలగది నేలను పగులగొడితే నీరు క్రింది ఇంటిలోకి కారవచ్చు. ఇటువంటి పొరపాట్ల ఫలితాన్ని పొరుగువారు కూడా అనుభవించవలసి వస్తుంది.

== పనివారి భద్రత ==
నిపుణుడిని పిలిచినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు, అది అతనికి బదిలీ అవుతుంది. పై అంతస్తు గోడ బయట ఏసీ యంత్రాన్ని బిగించేవారికి భద్రతా బెల్టు, దానిని కట్టడానికి గట్టి ఆధారం ఉండాలి. మరమ్మత్తుకు ముందు మెయిన్ స్విచ్చి ఆపి ఉంచాలి. వీటికయ్యే సమయాన్ని, ఖర్చును కూడా కూలిలో భాగంగా లెక్కించాలి.