కాకినాడ నుంచి కొల్లేరు దాకా పడవ మీద: కుదిరేదెంత, కుదరనిదెంత?

కేరళ హౌస్‌బోటు వీడియోలు చూశాక చాలా ఇళ్లలో పిల్లలు అడిగే మాట ఒకటే: "మన దగ్గర కూడా కాలవలు ఉన్నాయి కదా, ఏలూరు నుంచే పడవ ఎక్కి నాలుగు రోజులు తిరిగి రాలేమా?" విదేశాల నుంచి సెలవులకు వచ్చే బంధువులైతే ఇంకో అడుగు ముందుకేసి, ఒక మోటారు పడవ మాట్లాడుకుని విజయవాడ నుంచి రాజమండ్రి దాకా పోదాం అంటారు. ఇందులో ఎంత సాధ్యం, ఎంత కాదు, ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే ప్లాను ఎలా వేసుకోవాలి అనేది ఇక్కడ వివరంగా ఇస్తున్నాం.

మ్యాపులో దారి ఉంది

సర్ ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేయించాడు. విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ కాలవల్ని ఒక్క పొలాల నీళ్ల కోసమే తవ్వలేదు. బియ్యం, ఉప్పు, కలప, మనుషులు, అన్నీ పడవల మీద పోయేలా తవ్వారు. అందుకే మట్టం మారే చోటల్లా లాకులు కట్టారు.

లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య ఉన్న నీటి గది. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. గదిలోకి నీళ్లు వదిలితే పడవ పైకి లేస్తుంది, నీళ్లు తీస్తే కిందికి దిగుతుంది. అవతలి మట్టంతో సమానం అయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. ఇంజను బలంతో పని లేదు, నీటి బరువే అంతా చేస్తుంది.

ఏలూరు కాలవకి ఇంకో విశేషం ఉంది. అటు విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా గోదావరి నీళ్లు వస్తాయి. ఇటు విజయవాడ నుంచి కృష్ణా నీళ్లు వస్తాయి. రెండూ ఏలూరు దగ్గర కలుస్తాయి. అంటే ఏ వైపు నుంచి బయలుదేరినా ఏలూరు దాకా వాలు, ఏలూరు దాటితే ఎదురు.

ఈ పాత దారినే కేంద్రం 2008లో జాతీయ జలమార్గం-4గా ప్రకటించింది. అందులో మన వైపు ముక్కలు ఇలా ఉన్నాయి:

కాకినాడ కాలవ: కాకినాడ నుంచి రాజమండ్రి, 50 కి.మీ.
ఏలూరు కాలవ: రాజమండ్రి నుంచి విజయవాడ, 139 కి.మీ.
కొమ్మమూరు కాలవ: విజయవాడ నుంచి పెదగంజాం, 113 కి.మీ.
ఉత్తర బకింగ్‌హాం కాలవ: పెదగంజాం నుంచి చెన్నై, 316 కి.మీ.
దక్షిణ బకింగ్‌హాం కాలవ: చెన్నై నుంచి మరక్కాణం, 110 కి.మీ.
కలువెల్లి చెరువు: మరక్కాణం నుంచి పుదుచ్చేరి, 22 కి.మీ.

మొత్తం కలిపితే కాకినాడ నుంచి పుదుచ్చేరికి 750 కి.మీ. భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరి 171, వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా కృష్ణా 157 కూడా చేరిస్తే 1,078 కి.మీ. 2016 చట్టంతో ఈ జలమార్గాన్ని ఇంకా పొడిగించారు.

మరి పడవ ఎందుకు పోదు?

కాగితం మీద జాతీయ జలమార్గమే కానీ ఏలూరు కాలవ మీద ఈరోజు పొడుగూతా మోటారు పడవ పోయే పరిస్థితి లేదు. కారణాలు ఇవి.

మొదటిది, రైలు. 1890ల్లో విజయవాడ, రాజమండ్రి వైపు రైలు మార్గం వచ్చింది, 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు. తర్వాత లారీలు వచ్చాయి. సరుకు పడవ దిగి పట్టాలెక్కింది, తర్వాత రోడ్డెక్కింది. పడవలు తగ్గేకొద్దీ లాకుల బాగోగులు చూసేవాళ్లూ తగ్గారు.

రెండోది, వంతెనలు. పడవలు లేవన్న ధీమాతో కాలవల మీద వంతెనలు తక్కువ ఎత్తులో కట్టేశారు. జలమార్గాల ప్రమాణాల్లో అన్నిటికంటే కింది తరగతికే నీటి పైన 4 మీటర్ల ఖాళీ ఉండాలి. గూడు ఉన్న పడవ మన ఊళ్ల వంతెనల కింద చాలా చోట్ల దూరదు.

మూడోది, గుర్రపుడెక్క, పూడిక, చెత్త. గుర్రపుడెక్క వేర్లు పంకాకి చుట్టుకుంటే ఇంజను ఆగిపోతుంది. ఊరి మధ్యలో కాలవలో ఇంజను ఆగితే తోసుకుంటూ రావాల్సిందే.

అందుకని ఎవరైనా "విజయవాడ నుంచి రాజమండ్రికి కాలవ మీదే తీసుకెళ్తాం" అని అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి.

కొల్లేరు సంగతి వేరు

ఏలూరు కాలవ కొల్లేరుకి ఉత్తరాన పోతుంది, సరస్సులోంచి పోదు. కొల్లేరుకి నీళ్లు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి వాగుల నుంచి, మురుగు కాలవల నుంచి వస్తాయి. బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే, అది సుమారు 60 కి.మీ. పోయి సముద్రంలో కలుస్తుంది.

కొల్లేరు లోతు తక్కువ. అడుగు చదునుగా ఉండే పడవలే నడుస్తాయి. లంక గ్రామాల వాళ్లు తాటి మానుతో చేసిన దోనెలు ఎందుకు వాడేవారో ఇక్కడే అర్థమవుతుంది. లోతు కావాల్సిన పెద్ద మోటారు పడవ ఇక్కడ బురదలో కూరుకుపోతుంది.

ఇంకో విషయం. 1999లో కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అక్కడి చేపల చెరువుల గట్లు కొట్టేసింది కూడా ఈ చట్టం వల్లే. కాబట్టి సొంత మోటారు పడవ తెచ్చి తిప్పుతామంటే కుదరదు, అటవీశాఖ అనుమతి ఉండాలి. కుటుంబాలకి తేలికైన దారి కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం. అక్కడ బోటు షికారు ఉంది, గూడబాతుల్ని దగ్గరగా చూడొచ్చు.

ఏ నెలలో వెళ్లాలి?

నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి కాలం. అప్పుడు కాలవల్లో నీళ్లుంటాయి, కొల్లేరులో పక్షులుంటాయి, ఎండ తక్కువ. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచు పడుతుంది. అది విడిచేదాకా పడవ ఎక్కొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడని ముంచింది, ఆ నీళ్లు చేరేది కొల్లేరుకే. అలాంటి రోజుల్లో లంకల వైపు ప్రయాణం పెట్టుకోవద్దు.

రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026, 2027లో ఫిబ్రవరిలోనే మొదలవుతుంది కాబట్టి ఈ రెండేళ్లూ డిసెంబరు, జనవరిలోనే ప్రయాణం ముగించుకోవడం మేలు.

లెక్క వేసే పద్ధతి

ఎక్కడ పడవ మాట్లాడుకున్నా ఈ లెక్క పనికొస్తుంది. కాలవ మీద గంటకి 8 కి.మీ. కంటే ఎక్కువ వేగం పెట్టుకోవద్దు, పెడితే అలలకి గట్లు తెగుతాయి. రోజుకి 6 గంటలు నడిస్తే 48 కి.మీ. అంటే లాకులన్నీ పనిచేసినా ఏలూరు కాలవ 139 కి.మీ. దాటడానికి మూడు రోజులు నిండా పడుతుంది. లాకు దగ్గర ఆగే సమయం దీనికి అదనం.

డీజిలుకి పాత పద్ధతే మంచిది. మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. తాగే నీళ్లు మనిషికి రోజుకి 4 లీటర్ల లెక్కన, వుజూకి విడిగా పెట్టుకోవాలి.

కొంత నీటి మీద, కొంత రోడ్డు మీద: ఐదు రోజుల ప్లాను

మొదటి రోజు విజయవాడ. ప్రకాశం బ్యారేజీ పైన కృష్ణ నిండుగా ఉంటుంది. టూరిజం శాఖ బోట్లలో భవానీ ద్వీపం వెళ్లి రావచ్చు. రాత్రికి ఏలూరు చేరండి, దూరం 60 కి.మీ.

రెండో రోజు ఏలూరు, కొల్లేరు. పొద్దున్నే ఆటపాక, మధ్యాహ్నం తిరిగి ఏలూరు. ఇక్కడి తివాచీల నేత తరతరాలుగా మన ముస్లిం కుటుంబాల చేతుల్లో పెరిగిన పని. పిల్లలకి మగ్గం చూపించండి.

మూడో రోజు కాలవ వెంట కారులో తాడేపల్లిగూడెం, నిడదవోలు, విజ్జేశ్వరం. దారిలో పాత లాకులు కనిపించిన చోట ఆగి చూడండి, పడవ ఎలా ఎక్కేదో దిగేదో పిల్లలకి అర్థమవుతుంది. సాయంత్రానికి ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం.

నాలుగు, ఐదు రోజులు గోదావరి. దేవీపట్నం దగ్గర గండిపోచమ్మ నుంచి పాపికొండల బోటు, లేదా కోనసీమలో దిండి దగ్గర హౌస్‌బోటు. నది మట్టాన్ని బట్టి బోట్లు ఆపేస్తుంటారు, అందుకే ముందురోజు ఫోన్ చేసి కనుక్కున్నాకే బయలుదేరండి.

ఎక్కే ముందు చూడాల్సినవి

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి పదుల మంది పోయారు, ఆ రోజు నదికి వరద ఉంది. రెండు చోట్లా కుటుంబాలకి కుటుంబాలే వెళ్లాయి. కాబట్టి మొహమాటం వద్దు, ఇవి అడగండి:

2021 అంతర్గత నౌకల చట్టం ప్రకారం బోటుకి రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు, నడిపేవాడికి అర్హత పత్రం ఉండాలి. చూపించమనండి.

ఎంతమంది ఎక్కొచ్చో బోటు మీద రాసి ఉండాలి. చంటిపిల్లల్ని కూడా లెక్కలో వేయాలి.

లైఫ్ జాకెట్టు ప్రతి ఒక్కరికీ, పిల్లలకి పిల్లల సైజుది. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లాడికి వేస్తే నీళ్లలో తల మీదుగా ఊడిపోతుంది.

అమ్మీలు, ఖాలాలు, ఆపాలు బుర్ఖా వేసుకుంటే జాకెట్టు దాని పైనే కట్టుకోవాలి, లోపల కాదు. తడిసిన బుర్ఖా బరువెక్కి కిందికి లాగుతుంది, జాకెట్టు బకిల్ చేతికి అందదు. దుపట్టా కొసలు లోపలికి దోపి పిన్ను పెట్టండి. దాదీ, నానీలని బయటికి పోయే దారి దగ్గర కూర్చోబెట్టండి. మూసి ఉన్న ఏసీ గదిలో, కింది అంతస్తులో వద్దు.

ఫోటో కోసం అందరూ ఒకే వైపుకి రావొద్దు. బోటు ఒరగడానికి అదొక్కటి చాలు.

వీటిలో ఒక్కటి లేకపోయినా దిగిపోండి. టికెట్టు డబ్బులు పోతే పోయాయి.

నమాజ్, భోజనం

మన వైపు నుంచి ఖిబ్లా పడమరకి కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. పడవ మలుపులు తిరుగుతుంది కాబట్టి ఫోన్‌లో దిక్సూచి పెట్టుకోండి. హనఫీ ఫిఖ్‌లో, పడవలో నమాజ్ మొదలుపెట్టేటప్పుడు ఖిబ్లా వైపు నిలబడాలి, పడవ తిరిగితే చదివే మనిషీ తిరగాలి. ఒడ్డుకి కట్టేసి ఉన్నప్పుడు దిగి చదువుకోవడం అన్ని విధాలా సులువు. ఖస్ర్‌కి సుమారు 77 కి.మీ. దూరం లెక్క. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లొస్తే అది రాదు, విజయవాడ నుంచి పాపికొండలకైతే వస్తుంది. మీ సందర్భానికి ఏది వర్తిస్తుందో మసీదు ఇమాం సాహెబ్‌ని ముందే అడగండి. పడవ ఎక్కేటప్పుడు సూరా హూద్ 41వ ఆయతు చదవడం పిల్లలకి నేర్పడానికి ఇది మంచి సమయం.

తిండికి కొల్లేరు వైపు ఇబ్బంది లేదు. చేపకి జబహ్ అవసరం లేదు, కొర్రమీను దొరికితే అంతకంటే ఏం కావాలి. పీతలు హనఫీలు తినరు, రొయ్యల మీద ఉలమాల్లో భిన్నాభిప్రాయం ఉంది. కోడి, మాంసం మాత్రం పడవలో వండేవాళ్లకి మనమే తెచ్చివ్వడం, వేరే గిన్నె అడగడం మంచిది.

రాత్రింబవళ్లు నీటి మీదే ఉండాలంటే

అలాంటి ప్రయాణం కావాలంటే కేరళే. అక్కడ కొల్లం, కొట్టాపురం మధ్య 1993లో ప్రకటించిన జాతీయ జలమార్గం-3 నిజంగానే నడుస్తోంది. అలప్పుళలో పడకగదులున్న కెట్టువళ్లాలు దొరుకుతాయి. చీకటి పడితే ఒడ్డుకి కట్టేస్తారు, అదీ మంచిదే. ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి, ఏలూరు, విజయవాడ మీదుగానే పోతుంది.

మన కాలవలకీ ఆ రోజు రావాలంటే ముందు కావాల్సింది లాకుల బాగుచేత, ఎత్తైన వంతెనలు, మురుగు ఆపడం. ఇంటి చెత్త కాలవలో వేయకుండా ఉండటం మాత్రం ఈరోజే మన చేతిలో ఉన్న పని.