మసి తెర వెనుక నక్షత్రం: ఎన్. కామేశ్వరరావు పరిశోధన

తెలుగువారు అనేకులు స్థిరపడిన ఫ్రిస్కో ఉన్నది టెక్సస్‌లో. ఆ రాష్ట్రపు పడమటి భాగంలో, డేవిస్ పర్వతాలలో, మెక్డొనాల్డ్ వేధశాల ఉంది. బెంగళూరులోని భారతీయ తారాభౌతిక సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు పరిశోధనలో ఆ వేధశాలకు ముఖ్యస్థానం ఉంది.

ఆయన దశాబ్దాలపాటు అధ్యయనం చేసినవి ఆర్ కరోనా బొరియాలిస్ తరగతి చర నక్షత్రాలు. ఈ తరగతికి పేరిచ్చిన నక్షత్రం మామూలుగా చీకటి ఆకాశంలో కంటికి లీలగా ఆనుతుంది. ఒక్కొక్కప్పుడు కొద్ది వారాలలోనే దాని వెలుగు వెయ్యో వంతుకు పడిపోతుంది. 1795లో ఎడ్వర్డ్ పిగట్ దీనిని గుర్తించాడు. నక్షత్రం వెలువరించిన కర్బనం మసిగా మారి మన చూపుకు అడ్డు రావడమే ఇందుకు కారణం.

1995-96లో అది అలా మసకబారినప్పుడు, టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ లాంబర్ట్ తదితరులతో కలిసి రావు ఆ మార్పును వర్ణపటాలలో వెన్నంటి చూశారు. 2008లో గజేంద్ర పాండే, లాంబర్ట్‌లతో కలిసి ఈ తరగతి తారలలో ఫ్లోరిన్ అసాధారణంగా ఎక్కువని చూపారు. రెండు శ్వేతకుబ్జాల కలయికతో ఇటువంటి తారలు పుడతాయన్న వాదానికి అది బలమిచ్చింది. కలిసేవి మరింత బరువైనవైతే సూపర్నోవాగా పేలిపోవచ్చు.

2009లో రావు చరిత్ర వైపు తిరిగారు. చింతామణి రఘునాథాచారి 1840 నుంచి 1880 వరకు మద్రాసు వేధశాలలో సహాయకుడు. ఆర్ రెటిక్యులై అనే చర నక్షత్రాన్ని కనుగొన్నది ఆయన కాదు, అధిపతి పాగ్సన్ అన్న వాదం ఉండేది. రావు, సహరచయితలు ఆ వివాదాన్ని పరిశీలించి, చర నక్షత్రాన్ని కనుగొన్నట్లు ప్రకటించిన తొలి భారతీయుడు రఘునాథాచారేనని రాశారు. వేధశాల నివేదికలు అధిపతి పేరున వెలువడే కాలంలో సహాయకుడి పేరు మరుగున పడడం తేలిక. దానిని వెలికితీయడమూ ఆ శాస్త్రానికి చేసిన సేవే.