నార మిల్లులో మా దాదీమా

మన ఉత్తరాంధ్ర చరిత్ర అంటే కోటలు, జమీందారులు మాత్రమే కాదు. ఇక్కడి గోగునార భీమునిపట్నం రేవు పేరుతో 'బిమ్లి జూట్' అని దేశదేశాల్లో చలామణి అయింది. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లుల చుట్టూ వేల కుటుంబాలు బతికాయి.

మా దాదీమా ఈ ప్రాంతపు ఒక నార మిల్లులో బస్తాలు కుట్టేది. చిన్నతనంలోనే భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. ఫజర్ నమాజు చేసుకుని, చోడి అంబలి కాచి పెట్టి, కూత వినబడేసరికి గేటు దగ్గర ఉండేది. చంటివాడైన మా నాన్నగారు గోనెల మధ్యనే నిద్రపోయేవారు.

50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట పిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. (1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు.) చట్టం వచ్చింది గానీ గది రాలేదు. యూనియన్ మీటింగులో అందరికన్నా ముందు లేచి, "మా బిడ్డలు నార దుమ్ము మింగాలా?" అని అడిగినది ఆమేనట.

గది కట్టేనాటికి మా నాన్నగారు బడికి పోతున్నారు. "మన పిల్లలు పెద్దవాళ్లయిపోయారు కదా, ఇంకా చందా ఎందుకు?" అంటే, "వెనకాల వచ్చేవాళ్లకు పిల్లలుండరా?" అనేదట.

ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ట్రంకుపెట్టెలో యూనియన్ రసీదులు మాత్రం మిగిలాయి. సోదరులారా, సోదరీమణులారా! మీ ఇళ్లలోని పెద్దవారిని ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.