శంభల

హిమాలయాలకు ఉత్తరాన, మంచుకొండల చాటున ఉందని హిందూ, బౌద్ధ సంప్రదాయాలు చెప్పుకునే రాజ్యం శంభల. పురాణాల్లో అదొక ఊరు మాత్రమే. కలియుగాంతంలో విష్ణుయశుడనే బ్రాహ్మణుడి ఇంట కల్కి పుట్టేది అక్కడేనని విష్ణుపురాణం, భాగవతం చెబుతాయి.

ఆ ఊరిని మహారాజ్యంగా మార్చింది 11వ శతాబ్దపు బౌద్ధ గ్రంథం కాలచక్ర తంత్రం. టిబెట్ థాంకా చిత్రాల్లో శంభల ఎనిమిది రేకుల తామరలా విచ్చుకుని కనిపిస్తుంది. చుట్టూ తెల్లటి కొండల వలయం, బొడ్డు దగ్గర రాజధాని కలాపం. చివరి రాజు రౌద్రచక్రి అధర్మంపై యుద్ధానికి బయలుదేరతాడు. కల్కి కథ ఛాయలు ఇందులో స్పష్టం.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. శంభల రాజు సుచంద్రుడి కోరికపై బుద్ధుడు కాలచక్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనని, అంటే మన అమరావతిలోనని సంప్రదాయం. ఆ నమ్మకంతోనే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. కృష్ణ ఒడ్డున టిబెటన్ మంత్రాలు మోగిన ఆ రోజులు అపురూపమైనవి.

1920లలో రష్యన్ చిత్రకారుడు నికోలస్ రోరిక్ మధ్య ఆసియా యాత్రలో శంభల గాథల వెంట తిరిగాడు. 1933లో జేమ్స్ హిల్టన్ నవలలో వెలసిన షాంగ్రీ-లాకూ శంభలే మూలమని చాలామంది భావిస్తారు.