గద్దె వదిలిన ఊరు, గద్దె నిలిచిన ఊరు

పక్కపక్కన ఉన్న రెండు నగరాల్లో మత వైవిధ్యం ఎక్కడ ఎక్కువో చెప్పమంటే ముందుగా జనాభా లెక్కలు తీస్తాం. హిందువులు ఎందరు, ముస్లింలు ఎందరు, క్రైస్తవులు ఎందరు అని చూసి, వాటాలు ఎక్కడ ఎక్కువగా చీలితే అక్కడ వైవిధ్యం ఎక్కువని తేల్చేస్తాం. హనుమకొండను, వరంగల్‌ను ఈ కొలతతో కొలిస్తే చేతికి దక్కేది తక్కువ. అయినవోలు మల్లన్నకు బోనం ఎత్తేవాళ్లూ, మేడారంలో సమ్మక్కకు బెల్లం సమర్పించే కోయలూ, భద్రకాళి గుడిలో కుంకుమార్చన చేయించేవాళ్లూ ఆ పట్టికలో చాలావరకు ఒకే గడిలో పడతారు. కాజీపేట దర్గాకు చాదర్ తీసుకెళ్లే హిందువు కూడా అదే గడిలో ఉంటాడు; అతని మొక్కుకు వేరే గడి లేదు. పైగా ఏ మతం ఎందుకు నిలిచిందో, ఏది ఎందుకు కనుమరుగైందో అంకెలు చెప్పవు. దానికి శాసనాలను, కట్టడాలను అడగాలి. వాటిని చదివితే నాకు తోచేది ఇది: ఈ రెండు ఊళ్ల మధ్య తేడా జనం ఉదారతలోనో కరుకుదనంలోనో లేదు. రాజు గద్దె ఎక్కడ ఉంది, ఎంతకాలం ఉంది అన్నదానిలో ఉంది. గద్దె ముందే లేచిపోయిన హనుమకొండలో పాత మతాల ఆనవాళ్లు పొరలు పొరలుగా మిగిలాయి. గద్దె నిలిచిన వరంగల్‌లో వచ్చిన ప్రతి పాలకుడూ ఊరి నడిబొడ్డును తిరగరాశాడు.

హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర మొదలుపెట్టవచ్చు. కాకతీయ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ 1117లో ఇక్కడ కడలాలయ బసది అనే జైన ఆలయాన్ని కట్టించింది. ఆ సంగతి చెప్పే శాసనం గుట్ట మీదే ఉంది. మైలమ జైనురాలు. ఆమె కట్టించిన బసదికి ఉగ్రవాడి మేళరసు అనే మాండలికుడు కూడా భూమి ఇచ్చాడు. అంటే అది ఒక స్త్రీ సొంత మొక్కుతో ఆగిపోలేదు. చుట్టుపక్కల అధికారుల ఆదరణ కూడా దానికి ఉంది. ఇదే కాలానికి కాస్త ముందు, 1098 నాటి శాసనం మరో కథ చెబుతుంది. కాకతి బేతరాజు కాలాముఖ శైవాచార్యుడు రామేశ్వర పండితుడికి శిష్యుడయ్యాడనీ, అనుమకొండలో, అంటే నేటి హనుమకొండలో, శివపురం వెలసిందనీ, అక్కడి బేతేశ్వరాలయాన్ని అతని కొడుకు దుర్గరాజు ఆ గురువుకే అప్పగించాడనీ అందులో ఉంది. రాజకుటుంబం శైవ దీక్షలో ఉన్నా మంత్రి ఇల్లాలు బసది కట్టించుకోగలిగింది. ఇరవై ఏళ్ల తేడాలో, ఒకే ఊళ్లో, ఒకే కొలువు నీడన ఈ రెండూ జరిగాయి. ఆ తర్వాత 1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించాడు. అందులో శివుడు, వాసుదేవుడు, సూర్యుడు ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుడుల్లో కొలువుదీరారు. రాజధానిగా ఉన్న కొద్దికాలంలోనే హనుమకొండ ఇంత పోగుచేసుకుంది.

పద్మాక్షి ఇప్పుడు జైన బసది కాదు కదా, దాన్ని వైవిధ్యం అనడం ఎలా కుదురుతుందని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. కొండరాతి మీద పార్శ్వనాథుడు, తీర్థంకరులు నేటికీ కనిపిస్తారు. పూజ మాత్రం అమ్మవారికి. బతుకమ్మ రోజుల్లో గుట్ట కింది గుండం దగ్గర వేలమంది ఆడవాళ్లు చేరతారు. మైలమ మతస్థులు మాత్రం ఆ గుట్ట మీద లేరు. కాకతీయ గణపతిదేవుడి సభలో తిక్కన జైన, బౌద్ధ పండితులను వాదంలో ఓడించాడని 18వ శతాబ్దపు సోమదేవరాజీయం చెబుతుంది. ఐదు వందల ఏళ్ల తర్వాత రాసిన కథను సాక్ష్యంగా పట్టుకోలేం గానీ, జైనుల పలుకుబడి కరిగిపోయిన మాట నిజం. కాబట్టి హనుమకొండ సామరస్యానికి ఆదర్శమని నేను అనడం లేదు. నా వాదన అంతకంటే చిన్నది. ఇక్కడ పాతదాన్ని తుడిచేయాల్సిన అవసరం కొత్తవారికి రాలేదు. బసదిలోకి అమ్మవారు వచ్చినా శాసనాన్ని ఎవరూ చెక్కేయలేదు, తీర్థంకరుల బొమ్మలను ఎవరూ తొలిచేయలేదు. వేయిస్తంభాల గుడి దెబ్బతిన్నది నిజమే. దాని మీద మరో కట్టడం మాత్రం లేవలేదు. పాలించే చోటు అప్పటికే నాలుగు మైళ్ల అవతలికి మారిపోయింది. గెలిచినవాడు తన గెలుపును చాటుకోవాల్సింది అక్కడ.

ఆ అవతలి చోటు ఓరుగల్లు, అంటే వరంగల్ కోట. రుద్రదేవుడు మొదలుపెట్టిన కోటను గణపతిదేవుడు, రుద్రమదేవి పెంచి పూర్తిచేశారు. మధ్యలో స్వయంభూ శివాలయం, దాని నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు, చుట్టూ రాతిగోడ, దాని బయట మట్టిగోడ. ఈ ఊరి ఏర్పాటులోనే ఒక ప్రకటన ఉంది: రాజ్యానికి కేంద్రం కోట, కోటకు కేంద్రం శివుడు. దేవుణ్ని గద్దెతో ఇంత గట్టిగా ముడివేస్తే, గద్దె కూలిన రోజున దేవుడికీ ఆపద తప్పదు. 1323లో ఢిల్లీ తుగ్లక్ సేనాని ఉలుగ్ ఖాన్ కోట పట్టుకున్నాక ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. స్వయంభూ ఆలయం నేలమట్టమైంది. తోరణాలు మాత్రం నిలబడ్డాయి. వాటిని కావాలనే ఉంచి, వాటి మధ్య పెద్ద మసీదు కట్టారని ఫిలిప్ వాగొనర్, జాన్ హెన్రీ రైస్ అనే పరిశోధకులు వాదించారు. నాకు ఈ వాదన సబబుగానే తోస్తుంది. కాకతీయుల కేంద్రాన్ని ఢిల్లీ సేన వదిలేయలేదు, అందులోనే కూర్చుంది. పక్కనున్న ఖుష్ మహల్ ఆ కొలువుకు ఆనవాలు.

ఆ మసీదూ మిగల్లేదు. 1336 నాటికి ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి తీసుకున్నాడు. ఆ తర్వాత రేచర్ల వెలమలు, 1420ల్లో బహమనీలు వచ్చారు. 1504లో షితాబ్ ఖాన్ ఒక శాసనం వేయించాడు. అసలు పేరు సీతాపతిరాజు. బిరుదు బహమనీ కొలువు నాటిది. ఆ బిరుదుతోనే ఉంటూ, తురుష్కులు తొలగించిన కాకతీయుల దేవతను మళ్లీ ప్రతిష్ఠించానని, పాంచాలరాయుణ్ని కొలిచానని చెప్పుకున్నాడు. హిందువా ముస్లిమా అని ఒక్క గీతతో పంచేవాళ్లకు ఈ మనిషి చిక్కడు. అయితే నేను గమనించేది వేరు. కొత్తగా అధికారం చేపట్టిన ఇతను కూడా చేసిన మొదటి పనుల్లో ఒకటి కోటలో దేవుణ్ని మార్చడమే. తుగ్లక్ సేనాని చేసిన పని, సీతాపతి చేసిన పని దిక్కులు వేరైనా లెక్క ఒకటే: గద్దె ఎక్కినవాడు నడిబొడ్డు మీద సంతకం చేయాలి. వరంగల్ కోట నడుమ ఇవాళ కనిపించే ఖాళీ, విరిగిన రాళ్ల గుట్టలు ఆ వరుస సంతకాల ఫలితం.

అలాగైతే వరంగల్‌లో వైవిధ్యమే లేదా? ఉంది, కోట నడుమ కాకుండా పేటల్లో ఉంది. క్రీడాభిరామం రాసింది వినుకొండ వల్లభరాయుడా శ్రీనాథుడా అన్న తగవు ఇంకా తెగలేదు గానీ, ఓరుగల్లు వీధుల గురించి దానంత చెప్పే పుస్తకం మరొకటి లేదు. అందులో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు ఒక్క రోజు ఊరంతా తిరుగుతారు. వాళ్లకు కనబడేది స్వయంభూదేవుడి వైభవం ఒక్కటే కాదు. ఏకవీర, కాకతమ్మ, మైలారదేవుడు, ఆ దేవుడి పేర ఒళ్లు గగుర్పొడిచే సాహసాలు చేసే వీరభటులు, పలనాటి వీరుల కథ చెప్పేవాళ్లు కనిపిస్తారు. రాజు గుడి నేలమట్టమైంది. మైలారదేవుడు మాత్రం మల్లన్న పేరుతో నేటికీ అయినవోలులో సంక్రాంతికి జాతర జరిపించుకుంటున్నాడు. దంతాలపల్లి, తొర్రూరు, వర్ధన్నపేట మీదుగా ఖమ్మం నుంచి వరంగల్ పోయే దారి పొడుగునా ఉన్న పల్లెలు ఆ జాతరకు కదులుతాయి. గద్దెతో ముడిపడని దేవుడు గద్దెతోపాటు కూలడు. తర్వాతి శతాబ్దాల్లో వరంగల్ వ్యాపార కేంద్రమైంది. 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చాక పనికోసం వచ్చిన కుటుంబాలు ఆ పేటలను ఇంకా పెంచాయి. మండీబజార్ మసీదులు, అమ్మవార్ల గుళ్లు ఇరుగుపొరుగుగా ఉన్నాయంటే ఏ రాజూ అలా ఆజ్ఞాపించి కాదు; బేరం ఇద్దరికీ అవసరం కాబట్టి.

ఇక్కడ మరో అభ్యంతరం ఉంది. నిజాం కాలంలో సుబేదారు బంగళా హనుమకొండలోనే ఉంది, ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ సుబేదారి అనే పిలుస్తారు. గద్దె తిరిగొచ్చినట్టే కదా, మరి నీ సూత్రం ఏమైంది? ఇది బలమైన ప్రశ్న. జవాబు ఆ గద్దె స్వభావంలో ఉంది. సుబేదారు హైదరాబాదు తరఫున శిస్తు వసూలు, శాంతిభద్రతలు చూసే అధికారి. రాజ్యానికి దేవుడెవరో చాటే బాధ్యత అతనిది కాదు. పాలన దఫ్తరాల పని అయ్యాక మతాల స్థానాన్ని నిర్ణయించే శక్తి కోట నుంచి ఉద్యోగానికి, రైలుకు, బడికి, ఆసుపత్రికి మారింది. అందుకే ఈ జంట నగరాలకు మూడో తోబుట్టువైన కాజీపేటను పక్కనపెట్టలేం.

కాజీపేట పేరులోనే కాజీ ఉన్నాడు. వరంగల్ కాజీగా ఉన్న సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ 1856లో మరణించాడు. ఆయన దర్గా ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. రామేశ్వర పండితుడి ప్రస్తావన ఉన్న ఆ 1098 శాసనాన్ని చరిత్రకారులు కాజీపేట దర్గా శాసనం అంటారు. కాలాముఖ శైవుల సమాచారం వెతికేవాడు దర్గా పేరు రాయక తప్పదు. ఈ మూడు ఊళ్ల చరిత్రలో నాకు నచ్చే వింతల్లో ఇదొకటి. 1880ల్లో రైలు మార్గం సికింద్రాబాద్ నుంచి ఇటు వచ్చి, 1889కి బెజవాడను తాకింది. 1929లో బల్లార్షా మార్గం పూర్తయ్యాక కాజీపేట పెద్ద జంక్షనైంది. ఎక్కడెక్కడి నుంచో రైల్వే ఉద్యోగులు, వాళ్ల దేవుళ్లు ఇక్కడ దిగారు. అమెరికన్ బాప్టిస్టులు అంతకుముందే 1879లో హనుమకొండలో మిషన్ పెట్టారు. 1952లో కాథలిక్కుల వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. ఫాతిమా కథెడ్రల్ కాజీపేటలో వెలసింది. వీటిలో ఏదీ ఎవరి గుడినీ పడగొట్టి లేవలేదు. ఊరి నడిబొడ్డు ఎవరిది అన్న పోటీ అప్పటికి ముగిసిపోయింది.

కాబట్టి ఒక్క మాటలో తీర్పు చెప్పమంటే: రాతిలో మిగిలిన మతాల విషయంలో హనుమకొండదే పైచేయి, మనుషులుగా కలిసి బతికే మతాల విషయంలో వరంగల్ పేటలు, కాజీపేట ముందుంటాయి. నా వాదనను పరీక్షించాలనుకునేవారు మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌ను చూడవచ్చు. ఏ రాజూ అక్కడ గద్దె వేయలేదు. ఉన్నది రైలు జంక్షన్. 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య పీఠం అదే. అక్కడి ఎపిఫనీ కథెడ్రల్‌ను గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మినార్లు కలిపి కట్టారు. దాని ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది.