ఉన్ని, ఊలు, ఉడుకు నెయ్యి

పుష్యమాసపు మధ్యాహ్నం. వంట ముగిసింది, పొయ్యిలో నిప్పు ఇంకా ఆరలేదు. ఇల్లాలు ఒడిలో ఊలు ఉండ పెట్టుకొని రెండు సూదులతో అల్లుకుంటూ ఎండ పొడలో కూర్చున్నది. ఈ దృశ్యం మనకు అనాదిగా ఉన్నదే అనిపిస్తుంది. వంట మాట నిజమే. సూదుల అల్లిక మాత్రం మన ఇళ్ళకు మొన్న మొన్న వచ్చినది. ఈ రెండూ ఒక చోటికి చేరిన వైనం చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ముందు పదాల సంగతి. తెలుగు పండితుణ్ణి, ఆ అలవాటు పోదు. సంస్కృతంలో ఉన్నిని ‘ఊర్ణ’ అంటారు. సాలీడుకు ఊర్ణనాభి అన్న పేరు అందువల్లనే కలిగింది. ఆ ఊర్ణమే ప్రాకృతం మీదుగా మనకు ‘ఉన్ని’ అయినది. ఆంగ్లేయుల ‘వుల్’ దీనికి దాయాది; రెండింటిదీ ఒకే మూలమని భాషాశాస్త్రం తేల్చింది. ఆ వుల్ మన నోట ‘ఊలు’ అయింది. అనగా ఒకే మాట రెండు దారుల్లో రెండు సార్లు మన గడప తొక్కినదన్నమాట. వింత ఏమంటే, ఇప్పుడు అంగడిలో ఊలు పేరుతో దొరికే దారంలో చాలా భాగం అక్రిలిక్. దానికీ గొర్రెకూ ఏ చుట్టరికమూ లేదు.

మొదటి రాకకు గుర్తు గొంగడి. దక్కను నల్లగొర్రె ఉన్నిని కత్తిరించి, వడికి, గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి కురుమలు తయారుచేసే ఆ గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పక్క. అయితే అది నేత, అల్లిక కాదు. నేతకు పడుగు, పేక అని రెండు వరుసల దారాలుండాలి. సూదుల అల్లికకు ఒక్క దారం చాలు. ఒక ఉచ్చులోనుండి మరొక ఉచ్చును లాగుతూ పోవడమే అందులోని కిటుకు. కొస పట్టుకొని లాగితే మొత్తం విడిపోతుంది. గంపకూ, పూలదండకూ, జడకూ, చివరకు పద్యానికి కూడా మనం ‘అల్లిక’ అనే మాట వాడుకున్నాము గాని, ఈ ఉచ్చుల విద్య పాతకాలపు తెలుగు ఇంటిలో లేదు.

మరి చలికాలంలో ఆ ఇంటికి వెచ్చదనం ఎక్కడిది? వంటింటిది. దీనికి నాకు తెలిసిన గొప్ప సాక్ష్యం ఆముక్తమాల్యద. 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన కృష్ణదేవరాయలు, విల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాలను ఋతువుల వారీగా వర్ణించాడు. శీతకాలపు విస్తరిలో ఏమేమి ఉన్నాయో చూడండి: పునుగు తావి వచ్చే కొత్తబియ్యపు అన్నం, మిరియప్పొడి చల్లిన చుయ్యిమనే కూరలు, ముక్కుపట్టు వదిలించే ఆవపెట్టిన పచ్చళ్ళు, పాయసం, ఊరగాయలు, చెయ్యి పెడితే చురుక్కుమనే నెయ్యి, కాచిన పాలు. ఆ విస్తరిలో మిరపకాయ లేదు. అది పోర్చుగీసువారి ఓడల వెంట వచ్చి, మిరియం పేరునే కాస్త మార్చి పెట్టుకొని, తరువాత మిరియాన్నే మూలకు నెట్టింది. చలికి కావలసిన కారం అప్పట్లో మిరియమూ ఆవాలే ఇచ్చేవి. ధనుర్మాసపు పొంగలిలో నేటికీ మిరియమే పడుతుంది.

ఈ పద్యాన్ని తరగతిలో చెప్పిన ప్రతిసారీ నాకు మరొక పద్యం గుర్తుకు వచ్చేది. అదే ప్రకరణంలో వానకాలపు భోజనం ఉన్నది. జడివానకు కట్టెలు తడిసి ఉంటాయి గనుక, పొగ కళ్ళలోకి పోకుండా విష్ణుచిత్తుని భార్య కొబ్బరిచిప్పలు మంటపెట్టి వండిందట. ఆమె కళ్ళలోకి పోయే పొగను ఒక చక్రవర్తి గమనించాడు! అయితే శీతకాలపు పద్యానికి వచ్చేసరికి ఆమె కనబడదు. వేడి వేడి పదార్థాలున్నాయి, పెట్టినవాడున్నాడు, తిన్నవారున్నారు. వండినామె పద్యం వెలుపల ఉండిపోయింది.

ఇక రెండవ రాక. రెండు సూదులతో అల్లిన వస్త్రాలలో నేటికి మిగిలిన అతి పాతవి ఈజిప్టులో దొరికాయి. సుమారు వెయ్యేళ్ళ కిందటి విద్య అది. అక్కడినుండి ఐరోపాకు పాకింది. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెడితే, చేతి అల్లికతో బ్రతికేవారి నోటి దగ్గర కూడు పోతుందని ఎలిజబెత్ రాణి దానికి హక్కుపత్రం ఇవ్వలేదని చెబుతారు. మన దేశానికి ఈ పని పందొమ్మిదవ శతాబ్దంలో దొరసానులతోనూ, మిషనరీల బాలికా పాఠశాలలతోనూ వచ్చింది.

కోస్తాలో స్వెట్టరు తొడిగేంత చలి ఎన్నాళ్ళుంటుంది గనుక! అందుకే నరసాపురం ప్రాంతంలో వేళ్ళూనుకొన్నది ఊలు కాదు, నూలు. రెండు సూదులు కాదు, కొక్కెం ఉన్న ఒక్క సూది. 1844 ప్రాంతంలో మిషనరీలు నేర్పిన ఆ లేసుపని గోదావరి తీరపు ఇళ్ళలో స్థిరపడి, దేశాంతరాలకు ఎగుమతి అయ్యే సరకైనది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి స్త్రీల మధ్య పరిశోధించి 1982లో ఒక గ్రంథం వెలువరించారు. వంట, పిల్లలు, ఇంటిచాకిరి కాక రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లుతూ, అతి తక్కువ కూలి తీసుకొనే ఆ స్త్రీలను లోకం కార్మికులుగా లెక్కించలేదనీ, ఇంట్లో ఊరికే కూర్చున్నవారి తీరిక పనిగా జమకట్టిందనీ ఆమె చూపారు. ‘తీరిక’ అన్న మాటకు ఇంత ఖరీదు ఉన్నదని నాకు ఆ పుస్తకం వల్లనే బోధపడింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇన్ని చెప్పి, ఆ పనిలోని ఆనందం అబద్ధమంటానా? అనను. తనవారి కోసం అల్లే ఇల్లాలికి కూలి లెక్క లేదు, గడువూ లేదు. మనసు పుడితే అల్లుతుంది, పప్పు పొంగితే లేచిపోతుంది. తెలంగాణలో సంక్రాంతికి ముందు గుడ్డ పరచి, చుట్టుపక్కల ఆడవారంతా కూర్చొని, నువ్వులూ వామూ కలిపిన తడిబియ్యప్పిండిని వేళ్ళతో మెలిపెడుతూ సకినాలు చుట్టడం చూచినవారికి, సూదులు లేని అల్లిక ఒకటి మనకు ఉన్నదని తెలుస్తుంది.

పెద్దపిల్లకు పొట్టిదైన స్వెట్టరును విప్పి చిన్నవాడికి మళ్ళీ అల్లడం ఒకప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నదే. విప్పిన ఊలు వంకరలు తిరిగి ఉంటుంది. దానిని చిలుపగా చుట్టి, ఎసరు కాగుతున్న గిన్నె మీద ఆవిరికి పడతారు. వంకరలు పోతాయి. తరువాత ఆ ఎసట్లోనే బియ్యం పోస్తారు.