ఫీజు మాఫీ: దయా, బాకీయా?

నర్సీపట్నంలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారుల సమాధులున్నాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళం చేతిలో వారు మరణించారు. 1924 మే 7న తుపాకికి బలియైన రాజు సమాధి కృష్ణదేవిపేటలో వున్నది. పోరాడిన వాని త్యాగానికి విలువ కట్టేది ఎవరు? వాని బిడ్డల చదువుకు పూచీ ఎవరిది? ఈ సమాధులు తలపుకు వచ్చినప్పుడల్లా నన్ను వేధించే ప్రశ్న యిది.

1972లో భారత ప్రభుత్వం రెండు బాకీలను ఒప్పుకున్నది. 1971 యుద్ధంలో మరణించిన, గల్లంతైన, అంగవికలురైన సైనికుల పిల్లలకు ఫీజు పూర్తిగా తానే భరించసాగింది. ఆ యేడే స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ప్రకటించింది. కాని పింఛనుకు జైలు కాగితాలు కావాలి. అండమాన్ శిక్ష అనుభవించిన గాం మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆయన పేరు రికార్డులలో వున్నది. మరి దళానికి చీకట్లో అన్నం మోసిన గిరిజనుని దగ్గర యే కాగితం వుంటుంది? రాజ్యం త్యాగాన్ని చూడదు, త్యాగపు ధ్రువపత్రాన్ని చూస్తుంది.

ఆ ధ్రువపత్రమైనా భద్రమా? 2017లో సైనికుల పిల్లల ఫీజు, హాస్టలు ఖర్చుకు నెలకు 10,000 రూపాయల పరిమితి విధించారు. గగ్గోలు లేచింది, 2018 మార్చిలో పరిమితి తొలగించారు. ఉత్తరువుతో వచ్చిన సౌకర్యం ఉత్తరువుతోనే పోగలదు.

వికలాంగుల సంగతి యింకా విచిత్రం. 1995 చట్టం ఉచిత విద్యను 18 యేళ్ళ వరకే యిచ్చింది. 2016 చట్టమూ ఆ గీత దాటలేదు. ఉన్నత విద్యలో సీట్ల వాటా 3 నుంచి 5 శాతానికి పెరిగిన మాట నిజమే. కాని కళాశాల మొదలయ్యే వయస్సుకే ఉచిత విద్య ఆగిపోతుంది. సీటు హక్కయింది, ఫీజు కాలేదు! 2008 నాటి ఫీజు రీయింబర్స్‌మెంటు ఈ లోటును కొంత పూడ్చింది. అయితే దానికి ఆదాయపు హద్దు వున్నది; బడ్జెట్టు దయ కావాలి. నిధులు ఆలస్యమైతే భారం విద్యార్థి నెత్తినే పడుతుంది.

ఇటువంటి రాయితీలు పేదలను ముక్కలు చేస్తాయని కొందరు మిత్రులంటారు. నేను ఒప్పుకోను. రాయితీ సంపాదించిన ప్రతి వర్గమూ, చదువు సరుకు కాదనే సూత్రాన్ని ప్రభుత్వం చేత ఒప్పించినట్లే. ఆ సూత్రాన్ని కూలివాని బిడ్డకు, కొండమీది బిడ్డకు, అందరికీ విస్తరింపజేయడమే మన పని. అంతవరకు, ఉన్న రాయితీని దయగా అందుకోవద్దు. బాకీగా వసూలు చేయాలి.